అరవకూడని కప్ప

వరదకి గూళ్లూ బొరియలూ కొట్టుకుపోయినవాళ్లంతా గుట్టెక్కారు. వాళ్ల గోడు వినే పని బొండయ్య అనే కప్ప నెత్తినేసుకున్నాడు.

"మామా, నువ్వు మాత్రం బెకబెకమనకు. కప్ప అరిస్తే మళ్లీ వానొస్తుంది," అంది కుందేలు.

సరేనన్నాడు బొండయ్య. ఉడుత ఏడుపు విన్నాడు, అరుపు దిగమింగాడు, బుగ్గలు ఉబ్బాయి. ముంగిస ఏడుపు విన్నాడు, పొట్ట ఉబ్బింది.

"నీకు బాధనిపించదా మామా?" అని ఎవరైనా అడిగితే, "సాయం చేసేవాడికి బాధేమిటి?" అనేవాడు.

చివరికి గుమ్మడికాయంతై, కూర్చున్న బండ మీంచి దొర్లి, వరసలో నిలబడ్డ కుందేలు మీదే పడ్డాడు.

"చచ్చాను దేవుడో! అరిచెయ్ మామా, అరిచెయ్! వానొస్తే తడుస్తాంలే!" అంది కుందేలు కిందనుంచి.

"బెకబెక! బెకబెక!" గుట్టంతా దద్దరిల్లింది. అందరూ బెదిరిపోయి ఆకాశంకేసి చూశారు. ఒక్క చినుకూ రాలలేదు. తడిసినవి బొండయ్య కళ్లే.

పిడికెడంతై కుందేలు మీంచి దిగాడు. "అమ్మయ్య! ఇప్పుడు చెప్పమ్మా, నీ బొరియ ఏమైంది?"

"బొరియ మాట తర్వాత," అంది కుందేలు నడుం పట్టుకుని. "రేపట్నుంచి ముందు అరిచెయ్, ఆ తర్వాతే వినడానికి కూర్చో. నాకున్నది ఒక్కటే నడుం!"