కాఫీకి కూర్చున్న మేక

ముసలితనంలో నేర్చిన అక్షరాలు, తప్పులుంటే సర్దుకుని నెమ్మదిగా చదవండి.

"ఒంటరిగా కాఫీ తాగొద్దంది ఆసుపత్రి నర్సమ్మ. గుండె దడ, నిద్ర పట్టకపోవడం అందుకేనట," అంటూ జెనెబెచ్ తన మేక ముందు కప్పు పెట్టింది.

రెండు నెలలుగా మాటల్లేని పక్కింటి అస్కాలె కంచె మీంచి చూసింది. "నా క్యాబేజీలు మేసిన దొంగకి అతిథి మర్యాదా?"

"మూతి ముడుచుకునే మనుషులకన్నా నయం వదినా. మన ఆనవాయితీ ప్రకారం మూడు విడతల కాఫీ తాగేదాకా ఇది లేవదు."

రెండో విడతకే మేక లేచి వెళ్లిపోయింది.

"పెంపకం అలా ఉంది," అంటూ అస్కాలె వచ్చి ఆ చోట కూర్చుంది. "నాకూ నిద్ర లేదు," అంది.

అదే పొడి మళ్లీ మరిగించడంతో పలచబడ్డ కాఫీ పారబోసి, జెనెబెచ్ మళ్లీ మొదటి విడతకి గింజలు వేయించసాగింది.

"అంతసేపు ఎవరు కూర్చుంటారు?" అంది అస్కాలె, పీట పొయ్యి దగ్గరికి జరుపుకుంటూ.

— వర్కెనేష్, డెబ్బై ఒక్కేళ్లు, ఇప్పుడు ఉండేది జిమ్మాలో