నాకేం జబ్బు లేదు

“చొక్కా విప్పండి బాబాయ్,” అంది ఆమె.

మంచం పక్కన పరీక్షాధికారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు చదువులో ఆఖరి పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే చదువు చాలించి ఇంట్లో కూర్చోమని అన్నయ్య తేల్చి చెప్పేశాడు.

మంచం మీది మనిషి తాపీగా గుండీలు విప్పుకుంటూ, “నాకేం జబ్బు లేదు డాక్టరమ్మా. కంగారు పడకు,” అన్నాడు.

ఆమె లోలోపల నవ్వుకుంది. పరీక్షకు తెచ్చిన రోగులు అనే మాటే అది. రోగం పేరు బయటపెట్టొద్దని ముందే చెప్పి పడుకోబెడతారు. పట్టుకోవడం విద్యార్థి వంతు. ఈయన మరీ గట్టి పిండం. దగ్గు ఉందా అంటే, ఎవరికి లేదన్నాడు. ఒళ్ళు తగ్గిందా అంటే, మా ఆవిడ అదే సంబరపడుతోందన్నాడు.

గుండె విన్నది. ఊపిరి విన్నది. ఎక్కడా ఏమీ పట్టుబడలేదు. ఇక చెయ్యి తీసేయబోతుంటే మెడ ఎముక కింద వేలికేదో తగిలింది. చర్మంలో శనగగింజంత గడ్డ, రాయిలా ఉంది. పక్కన ఇంకొకటి. చంక వైపు మరొకటి.

“నొప్పిగా ఉందా?”

“నొప్పే ఉంటే ఊరుకుంటానా? ఈమధ్యే లేచాయి. వేడి గడ్డలు.”

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అధికారి వైపు తిరిగి గడగడా అప్పజెప్పింది. ఇవి చర్మంలో పుట్టిన గడ్డలు కావు. లోపల ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉండి, అక్కణ్ణుంచి పాకి పైకి తేలినట్టున్నాయి. ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆయన రోగం ఆయనకు తెలిసిందే కదా అని గొంతు కూడా తగ్గించలేదు.

మంచం మీది మనిషి నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాడు. బాగా నటిస్తున్నాడు అనుకుంది.

అధికారి ముందుకు వంగాడు. ఆ గడ్డల్ని తనే తడిమి చూశాడు. మళ్ళీ తడిమాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“తప్పు చెప్పానా సార్?” అంది ఆమె.

ఆయన ఆమెను బయటికి, తలుపు అవతలికి తీసుకెళ్ళాడు. పాసయ్యావన్నాడు. కానీ ఆమె కళ్ళలోకి చూడలేదు.

“రోగి రాలేదని మన క్యాంటీన్ వంటాయన్ని పడుకోబెట్టానమ్మా.”