జెర్రీ గొంతు

పాట మధ్యలో జెర్రీ సీసా ఎత్తి నీళ్లు పుక్కిలించాడు. పాట మాత్రం ఆగలేదు.

పుక్కిలించిన నీళ్లు స్టేజీ మీదే ఉమ్మాడు. ముందు వరసల్లో కుర్రకారు పన్నీరు చల్లినట్టు కేరింతలు కొట్టారు. ఆమోసు మొహం చిట్లించాడు.

"సూసినావా? నోట్లో నీళ్లెట్టుకుంటే పాటెలాగొస్తంది?" అన్నాడు భార్యతో.

"ఏటో, గొప్పోళ్లు." సూసన్న చేతిమీద దోమను కొట్టుకుంది. "పెళ్లైన కాడి నుంచీ జెర్రీ జెర్రీ అని నా బుర్ర తినేసినావు. తీరా ఆ మారాజు మన ఖరగ్‌పూరొస్తే వంకలెడతావేటి?"

"వంక కాదే. కేసెట్టేసి నోరాడిస్తన్నాడు. ఛీ!"

"అయితే అరిసి సెప్పు."

"సెప్పడం కాదు. ఆ వైరు పీకేస్తాను. ఊరంతా సూడాల."

"పీకు పీకు. పోలీసోళ్లు నీ వీపు సాపు సేస్తారు."

ఆమోసు అప్పటికే లేచాడు. జనాన్ని తోసుకుంటూ రైల్వే గ్రౌండు చివరిదాకా వెళ్లి, స్టేజీ వెనక్కి తిరిగాడు. కాపలావాడికి చిటికెనవేలు చూపించి "దాదా, బాత్‌రూమ్" అన్నాడు. వాడు తల తిప్పుకోగానే వెదుళ్ల కంచె కిందనుంచి దూరాడు.

తెర వెనక కేసెట్టూ లేదు, మెషీనూ లేదు. ప్లాస్టిక్ కుర్చీలో ఒక బక్కాయన కూర్చుని, మెడకి తువ్వాలు చుట్టుకుని, మైకులో పాడుతున్నాడు. అచ్చం జెర్రీ గొంతు.

ఆమోసుకి ఒళ్లంతా కంపరమెత్తింది. తాను ఇన్నాళ్లు ప్రాణం పెట్టుకున్నది ఈ దొంగ సరుకు మీదా?

"థూ! సిగ్గు లేదేటి నీకు?" అన్నాడు తెలుగులోనే.

బక్కాయన పాడుతూనే చెయ్యి ఊపి ఆగమన్నాడు. అంతలో దగ్గు వచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. మైకు దూరం పెట్టి మెలికలు తిరిగిపోయాడు.

బయట గిటార్లు మోగుతున్నాయి. పాట లేదు. జెర్రీ నోరు ఒక్కటే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

ఒక ఈల వినిపించింది. తర్వాత నవ్వులు. ఎవరో సీసా విసిరారు. "చోర్! చోర్!" అని అరుపులు మొదలయ్యాయి.

వైరు పీకే పని లేకుండానే ఆమోసు కోరుకున్నదే జరుగుతోంది. తెర చిరుగులోంచి చూశాడు. జెర్రీ వెనక్కి తిరిగి తెరవైపే చూస్తున్నాడు. జుట్టుకేసిన రంగు చెమటకి కరిగి చెంపల మీద కారుతోంది. సంతలో తప్పిపోయిన పిల్లాడి మొహంలా ఉంది ఆ మొహం.

"ఛీ, ఎదవ బతుకు," అన్నాడు ఆమోసు. అని, బక్కాయన చేతిలోని మైకు లాక్కున్నాడు.

రైల్వే వర్క్‌షాపులో సుత్తి పట్టుకున్నా, ఇంట్లో స్నానం చేస్తున్నా పాడుకున్న పాటే. మాట తడుముకోనక్కర్లేదు. గొంతు విప్పాడు. అచ్చం జెర్రీ గొంతే.

మధ్యలో పాట ఆగడం కూడా షోలో భాగమే అనుకుని గ్రౌండు గ్రౌండంతా హోరెత్తింది. జెర్రీ చటుక్కున జనంవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

పాట అయ్యాక ఆమోసు మైకు దించాడు. బక్కాయన గుక్కెడు నీళ్లు తాగి లేచాడు. మెడలో తువ్వాలు తీసి, దానితో కుర్చీ శుభ్రంగా తుడిచి, ఆమోసు ముందుకి జరిపాడు.

"కూకో అన్నా. నానూ తిట్టడానికే వచ్చినాను, బరంపురం షోలో."