పెళ్లినాటి ఈగలు

ఎమోకే,

బామ్మ టోపీ దొరక్క పెళ్లికి ఆలస్యంగా వచ్చిందని నువ్వు అత్తవారితో అన్న మాట తప్పు. టోపీ నా నెత్తినే ఉంది.

ఆ ఉదయం నీకు జడ వేస్తుంటే ఒక్క క్షణం కుదురుగా కూర్చున్నావా? "బామ్మా, ల్యాబులో ఈగలు పుట్టుకొచ్చేస్తుంటాయే! వెంటనే ఆడవాటిని వేరు చెయ్యకపోతే మగవి వదులుతాయా? ఈ తరం చెడితే, రెక్క ఎలా మొలుస్తుందో తేల్చే పనంతా మళ్లీ మొదటికే!" అని గడియారం చూడటమే పని.

"సొంత పెళ్లినాడు ఈగల శీలం గురించి బెంగపడే పెళ్లికూతుర్ని నిన్నే చూశాను" అని, నీ తాళంచెవి తీసుకుని ల్యాబుకు పరుగెత్తాను. నీ ఈగలకు మేత కలుపుతూ ఆడామగా గుర్తుపట్టడం నేనూ నేర్చినదాన్నేగా.

అక్కడ పెళ్లికొడుకు! గెర్గో కొత్త కోటు చేతులు పైకి మడిచి, మైక్రోస్కోపు కింద మత్తులో పడున్న ఈగలను కుంచెతో ఏరుతున్నాడు.

"ఈగకూ దోమకూ తేడా తెలియనివాడివి, నీకెవరు నేర్పారయ్యా?"

"చూసి చూసి వచ్చేసింది బామ్మగారూ. మా షికార్లన్నీ ఇక్కడేగా! తనకి చెప్పకండి, చర్చిలో నవ్వు ఆపుకోలేకపోతుంది."

అతన్ని చర్చికి తరిమాను. ఆ తర్వాత, అతను వేరుచేసిన ఆడవాటిలో ఒక్క మగదైనా దొరక్కపోతుందా అని కూర్చున్నాను. నీకు తగడని ఏడాదిగా అంటున్నదాన్ని, రుజువుండాలి కదా. అన్నిటినీ తిరగేశాను. దొరకలేదు. ఆలస్యం అందుకు.

బాలాటన్ సరస్సు దగ్గర మీ హనీమూన్ ముగించుకుని వచ్చేటప్పుడు స్టేషన్ పక్క కొట్లో మొక్కజొన్నపిండి కొనండి, ఈగల మేత అడుగంటింది. పిండిలో పురుగుందేమో గెర్గోను చూడమను. నీ చూపు మీద నాకంత నమ్మకం లేదు.