పెద్దక్క ముడి

"ఆ చివరి స్టూలు దగ్గర కూర్చో. ఇక్కడ మాత్రం కాదు" అంది పెద్దక్క.

కొత్తగా పనిలో చేరిన ఆమె అన్నం డబ్బా తీసుకుని చివరికి వెళ్లింది.

అది నర్సుల తెల్లకోట్లు కుట్టే షెడ్డు. కుట్టిన కోట్లకు వేలాడే దారాలు కత్తిరించడం కొత్తామె పని. మెషిన్ల మీద కూర్చునేవాళ్ల దృష్టిలో అదసలు పనే కాదు.

ఆమె అన్నం ముందు తలవంచి కళ్లు మూసుకునేది. ఏం జరిగినా "స్తోత్రం" అనేది. చూస్తుండగానే ఆమె పేరు స్తోత్రమ్మ అయిపోయింది. అసలు పేరు ఎవరూ అడగలేదు.

"ఫ్యాను తిరిగిందే, స్తోత్రం. సూది విరిగిందే, స్తోత్రం" అని ఆటపట్టించేవారు.

ఒకరోజు ఆమె కళ్లు మూసుకుని ఉండగా ఎవరో డబ్బా తోసేశారు. అన్నమంతా నేలపాలైంది. గది గదంతా ఒకటే నవ్వు.

ఆమెకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వంగి మెతుకులన్నీ ఏరి డబ్బాలో వేసుకుంది.

"రేపట్నుంచి కింద మెషిన్ల దగ్గరే తినవే తల్లీ. నీ ప్రార్థన నువ్వు చేసుకో, మా ముద్ద మేం తింటాం" అంది పెద్దక్క.

"అలాగే అక్కా."

భోజనాల గది మేడమీద. ఆనాటి నుంచి మధ్యాహ్నం అందరూ పైకి వెళ్తే స్తోత్రమ్మ ఒక్కతే కింద మెషిన్ల మధ్య మిగిలేది.

షెడ్డులో పెద్దక్క మాటకు తిరుగులేదు. కోటు అంచులు మడిచి కుట్టడం ఆమె వంతు. కుట్టు చివర చేత్తో చిన్న ముడి వేసి, పంటితో దారం తెంపేది. అది వాళ్లమ్మ నేర్పిన ముడి. ఇంకెవరికీ రాదు.

"నీ చేతి కోటుకి వంక పెట్టే పనే లేదు" అనేది యజమానురాలు.

ఆ మాటే ఇప్పుడు పెద్దక్కకు ఆధారం. ఇంట్లో భర్త మంచం పట్టాడు. తెల్లగుడ్డ మీద తెల్లదారం ఈమధ్య మసకమసకగా కనిపిస్తోంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. కుట్లు వంకరపోతున్నాయని మొన్ననే ఒకామెను ఇంటికి పంపేశారు మరి.

ఒకసారి సూదిలోకి దారం ఎక్కక పెద్దక్క తంటాలు పడుతుంటే స్తోత్రమ్మ లేచి వచ్చింది.

"ఇటివ్వక్కా."

"నాకు చేతకాదనుకున్నావా? నీ కత్తెరేదో నువ్వు చూసుకో."

స్తోత్రమ్మ కాసేపు ఆ వేళ్ల వంక చూసి తన స్టూలు దగ్గరికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పెద్దక్క బల్ల మీదే మరిచిపోయిన కళ్లజోడు కోసం కిందికి దిగింది. మెట్ల మీదే ఆగిపోయింది.

తన మెషిన్ ముందు స్తోత్రమ్మ. ఒళ్లో తను పొద్దున కుట్టిన కోట్లు. చేతిలో బ్లేడు. అంచు కుట్టు పరపరా విప్పేస్తోంది.

పెద్దక్క పెట్టిన కేకకు మేడమీది వాళ్లంతా దిగొచ్చారు.

"చూశారా దీని భక్తి? నా పొట్ట కొట్టడానికొచ్చింది. నన్ను వెళ్లగొట్టి నా మెషిన్ ఎక్కుదామని చూస్తోంది."

యజమానురాలు వచ్చింది.

"విప్పావా లేదా?"

"విప్పానండి."

"ఎందుకు?"

స్తోత్రమ్మ పెద్దక్క వంక చూసింది. పెద్దక్క కళ్లజోడు కోసం బల్లంతా తడుముతోంది. అది ఆమె చేతి పక్కనే ఉంది.

"అడక్కుండా ముట్టుకోవడం నా తప్పేనండి."

"అంతేనా? ఇంకేం చెప్పవా?"

"చెప్పలేనండి."

"అయితే రేపట్నుంచి రాకు."

ఎవరో ఆమె సంచి తెచ్చి గుమ్మం బయట పడేశారు. స్తోత్రమ్మ కదల్లేదు.

"ఈ ఒక్క కోటూ పూర్తిచేసి వెళ్లనా అక్కా? అంచు సగంలో ఉంది."

"చెయ్యి వేశావంటే ఊరుకోను."

బ్లేడు బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకుని, ఆమె వెళ్లిపోయింది. పీడ విరగడైందన్నారు అందరూ.

వారం తిరిగిందో లేదో, చెకింగ్ బల్ల దగ్గరి అమ్మాయి ఒక కట్ట తెచ్చి పెద్దక్క ముందు పెట్టింది.

"ఇవి తిరిగొచ్చాయి పెద్దక్కా. అంచులు బాలేవట. మేడమ్ నిన్ను రమ్మంటున్నారు."

"ఇవి నావి కావే. పోతూ పోతూ అదే పాడుచేసుంటుంది."

"నిన్న కుట్టినవక్కా ఇవి. చివర నీ ముడి కూడా ఉంది చూడు."

పెద్దక్క వేలితో తడిమింది. అంచంతా మెలికలు తిరిగిపోయింది. చివరనున్న ముడి మాత్రం తనదే.

మంచం మీది మనిషి కళ్లముందు మెదిలాడు.

"ఏదో ఒక్కరోజు చెయ్యి తడబడిందే. నా పనేంటో మేడమ్‌కి ఇప్పుడే చూపిస్తా, ఉండు."

స్తోత్రమ్మ ఉన్న రోజుల్లో చెకింగ్ దాటిన కోట్లు ఇంకా గోడ బీరువాలోనే ఉన్నాయి. అంచులన్నీ పెద్దక్క కుట్టినవే. ఒకటి లాగింది. అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది.

హమ్మయ్య అనుకుని, ముడి చూపించడానికి చివరిదాకా వేలు పోనిచ్చింది. నున్నగా తగిలింది.

ఇంకోటి లాగింది. మరొకటి. బీరువాలోవన్నీ ఒళ్లోకి వచ్చాయి.

"ఏం వెతుకుతున్నావక్కా?"

పెద్దక్క తలెత్తి అడిగింది.

"ఆవిడ ఇల్లెక్కడే?"

"ఎవరిది?"

"స్తోత్రమ్మది."

"ఏమో అక్కా. ఆవిడ అసలు పేరే ఎవరికీ తెలీదు."

పెద్దక్క ఒళ్లో కుప్పపడ్డ ఆ తెల్లకోట్లలో ఒక్కదాని అంచుకీ ఆమె ముడి లేదు.