ఏడో నంబరు

“ఆదిలక్ష్మమ్మ! ఏడో నంబరు!”

గుమస్తా పిల్లప్ప కేక వినగానే బెంచీ చివరనున్న పెద్దామె చీటీ పట్టుకొని లేచింది. ఆమె గడప చేరేలోపే తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన ఫోను చెవికి పెట్టుకొని ముందుకొచ్చాడు. పిల్లప్ప పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

“ఆయన యాడికప్పా?” అని నిలదీసిందామె.

“పెద్దోళ్లు ఫోన్ చేసినారమ్మా. పది నిమిషాలు కూసో.”

“ఉగాది అయిన మర్నాడు రాసిచ్చిన చీటీ ఇది. ఆరు నెలలు కూసున్నాం. ఇంగ కూసోను.”

ఆ ట్రస్టు ఆసుపత్రిలో డబ్బు కట్టినవాళ్లకు గుండె స్కానింగు అదే రోజు చేస్తారు. కట్టలేనివాళ్లకు గురువారం ఒక్కరోజే, అదీ పదిమందికే. ఆండర్సన్‌పేట నుంచి వచ్చినా, బంగారుపేట పల్లెల నుంచి వచ్చినా ఆ పదిమందిలో పేరు పడాలి.

ఆమె వెళ్లి స్కానింగు గది గడపకు అడ్డంగా నిలబడింది.

“అడ్డం లేమ్మా. ఆయనకు గుండె జబ్బు.”

“మరి ఈ బెంచీ మీదోళ్లకు ఏముండాది, జలుబా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తెల్లచొక్కా ఆయన అటూ ఇటూ చూసి, “డబ్బు కట్టే వస్తాలే” అని గొణుక్కుంటూ వెనక్కి వెళ్లిపోయాడు.

“సరే, రా ఇంగ” అన్నాడు పిల్లప్ప విసుగ్గా.

ఆమె లోపలికి పోలేదు. బెంచీ దగ్గరికి వెళ్లి, తన పక్కన కూర్చున్న శశికళ చేయి పట్టి లేపింది. ఇద్దరికీ పరిచయమై గంట కూడా కాలేదు. శశికళకు ముప్పై ఏళ్లుంటాయి. రోజూ మారికుప్పం రైల్లో బెంగళూరుకు పోయి గార్మెంట్సులో కుట్టేది. కాన్పయి మూడు నెలలైంది. అప్పట్నుంచి నాలుగడుగులు వేస్తే ఆయాసం. చూపించుకున్న చోటల్లా “గ్యాసు” అన్నారు, “బాలింత నీరసం” అన్నారు. ఇక్కడికొస్తే జనవరికి తేదీ ఇచ్చారు. ఆ తేదీ ముందుకు జరపమని అడగడానికే ఆ రోజు వచ్చింది.

“పడుకుంటే ఊపిరాడతాదా?” అని అంతకుముందు అడిగింది పెద్దామె.

“లేదమ్మా. గోడకానుకొని కూసొనే నిద్రపోతాను.”

ఆమె వంగి శశికళ చీలమండ మీద బొటనవేలు నొక్కింది. పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు.

“ఏడో నంబరుకు ఈ పిల్ల పోతాది” అందిప్పుడు.

“అట్లెట్లమ్మా? చీటీ ఆదిలక్ష్మమ్మ పేరున ఉండాది. ఈమెకు జనవరి.”

“జనవరికి ఈ పిల్ల బతికుంటాదని రాసియ్యి. తీసుకొని పోతాం.”

గొడవ విని డాక్టర్ సునీల్‌కుమార్ బయటికొచ్చాడు.

“సార్, ఈ పిల్ల కాళ్లు ఒక్కసారి చూడండి. చూసినాక కూడా ఆగమంటే ఆగుతాం” అందామె.

డాక్టర్ వంగి చూశాడు. శశికళ మెడ మీద ఉబ్బిన నరం చూశాడు. వెంటనే ఆమెను లోపలికి తీసుకుపోయాడు.

ఇరవై నిమిషాల తర్వాత బయటికి వచ్చినప్పుడు ఆయన గొంతు తగ్గింది.

“కాన్పు వల్ల గుండె బాగా బలహీనపడింది. ఇప్పుడే చేర్చుకుంటున్నాం. మందులు వాడితే కోలుకునే అవకాశం ఉంది. జనవరి దాకా ఆగి ఉంటే మాత్రం...”

“పిల్లప్పా, ఇంగ ఊపిరాడనోళ్లను ముందు డాక్టరుకు చూపించు, తేదీ తర్వాత రాయి” అందామె. “లేదంటే ప్రతి గురువారం ఈ గడపలోనే ఉంటా. ఎవరిచేత తీయిస్తావో తీయించు.”

“తీయించక్కర్లేదమ్మా” అన్నాడు డాక్టర్. “ఈరోజు నుంచే అట్లా చేయిస్తాను. చీటీ రాసే ముందు మనిషిని చూడాలి. మాటిస్తున్నాను.”

ఆమె తలూపి, సంచీ భుజాన వేసుకొని బయల్దేరబోయింది. డాక్టర్ ఆమె చేతిలోని చీటీ తీసుకొని చదివాడు.

“ఆగండమ్మా. ఇందులోనూ ఆయాసం, కాళ్ల వాపు అని రాసుంది. వెంటనే చేయాలని కింద గీత కూడా గీశారు. మీ వంతు ఆమెకిచ్చి ఇట్లా పోతే ఎట్లా? నేను భోజనానికి పోను. రండి, మీకూ చేసేస్తాను.”

ఆమె రాలేదు. గుమ్మంలో ఆగి, పిల్లప్పకూ బెంచీ మీదివాళ్లకూ వినబడేటట్టు గట్టిగా చెప్పింది.

“ఆదిలక్ష్మమ్మ నా చెల్లెలు సార్, శ్రావణంలోనే పోయింది.”