పడవలేని ఊరు

“ఆ ఊరి పేరు మల్లీ సెప్పు, డా గంగాభవాని.”

గోంగూర దూస్తున్న గంగాభవాని చెయ్యి ఆగిపోయింది. లింగరాజు మామూలుగా ఆవిడను ‘సెల్లెమ్మా’ అంటాడు. చంకలో వార్డు ఆఫీసు సంచీ ఉన్న రోజున మాత్రం బర్మా మర్యాద ముంచుకొచ్చి పేరు ముందు ‘డా’ తగిలిస్తాడు. ఆ పిలుపు వినపడితే చాలు, పబేడాన్ పేట సందుల్లో తెలుగువాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది.

“ఊరు కాదు, ఊ లింగరాజు. కమ్యూనంటారంట. మన తాలూకా లాగ, ఒక్క కచేరీ కింద బోలెడు పల్లెలు. బెనిన్ దేశంలో, ఉత్తరాన,” అంది. ఆయన ‘డా’ అని మర్యాద మొదలుపెడితే, మగవాళ్ళ ‘ఊ’ తగిలించడంలో ఆవిడ తక్కువ తింటుందా?

లింగరాజు వంద ఇళ్ళకు పెద్ద. సైన్యం కోసం వయసు కుర్రాళ్ళ పేర్లు రాసి పంపడం ఇప్పుడాయన మెడకు చుట్టుకున్న పని. గంగాభవాని కొడుకు హరికి ఇరవై దాటాయి. చీటీల్లో పేరు వచ్చిందా, బూట్లు తొడిగి కొండల్లోకి తోలేస్తారు. దేశంలో లేడని లింగరాజు రాస్తేనే వాడు బతికి బట్టకట్టినట్టు.

“జీడిపిక్కల యాపారం మీద ఎల్లాడన్నావు.”

“మా పలాస సుట్టాల్లో ఒక షావుకారు తీసుకెల్లాడు. కుర్రాల్లని దేశం దాటనివ్వకుండా దారులు ముయ్యకముందే. పిక్కల నాణ్యం సూడ్డం ఆడి పని.”

“మా కోటిబాబు పేరు కూడా రాసీసినాను,” అన్నాడు లింగరాజు, ఆవిడ అడగకపోయినా. “నా కొడుకని ఒగ్గీలేదు. ఇంకొకల కొడుకుని ఒగ్గీమంటే ఎలాగ?”

సొంత కొడుకునే వదలనివాడు పొరుగింటి వాడిని వదులుతాడా?

“కూకో, టీ ఎట్టీస్తాను.”

“టీ వొద్దు. అక్కడ నీలెలాగ?”

“బోరింగులే. ఎండాకాలం బిందెలు బారు కడతాయంట.”

“అచ్చం ఏటికవతల దలాలాగే.”

ఆవిడ చేతిలో గోంగూర కాడ పుటుక్కున విరిగింది. “దలా ఏటి? దలాకి ఇంత ఏరుంది. అక్కడ ఏరూ లేదు, కాలవా లేదు. పడవంటే ఎలాగుంటాదో ఎరగరు ఆ జనం.”

తడుముకోకుండా చెప్పగలిగింది, హరి పుణ్యమా అని. వాడు ఆ సంగతులు చెప్పి ఊరుకోడు, మళ్ళీ తల్లి చేత అప్పజెప్పించుకుంటాడు. కొడుక్కి తల్లి పాఠం ఒప్పజెప్పడమేం చోద్యమని ఆవిడ నవ్వుకునేది. ఇవాళ ఆ చోద్యమే ఆదుకుంది. నేల ఇటుకపొడిలా ఎర్రగా ఉంటుందనీ, దుంపల్ని మట్టికుప్పల్లో పాతుతారనీ, జొన్నలు మట్టి గాదెల్లో పోసి పైన గడ్డి టోపీ పెడతారనీ, కోతలయ్యాక కాపర్లు మందలు తోలుకొచ్చి మోళ్ళు మేపుకుంటే ఆ పేడే పొలానికి ఎరువనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

లింగరాజు ఏమీ రాసుకోవడం లేదు. చెవులు రిక్కించి వింటున్నాడు. అది చూస్తే ఆవిడకు మరీ భయం వేసింది.

“పాములున్నాయా?”

“పొలాలన్నాక ఉండవేటి?”

“దోమలో?”

“తెర కట్టుకుంటాడు.”

“రాత్రులు పరాయోల్లు తలుపు కొడతారా?”

ఇదేం ప్రశ్న? మెలిక ఎక్కడ పెడుతున్నాడో ఆవిడకు అంతు చిక్కలేదు. “సుట్టూ సేలే. అటేపు ఎవులూ రారు.”

“కడుపునిండా తింటన్నాడా?”

“తింటన్నాడు. అక్కడ గోంగూర కూడా ఉందంట.”

అన్నాక నాలిక కరుచుకుంది. లింగరాజు చూపు ఆవిడ ముందున్న ఆకుల గుట్ట మీద పడింది. అక్కణ్ణుంచి పక్కనున్న నాలుగు గిన్నెల క్యారేజీ మీదకు జరిగింది. ఏటికి అవతల దలాలో ఒంటరిగా పొలం చేసుకుంటున్న దండాసి మావకు ఆవిడ సాయంత్రం పడవలో కూడు పట్టుకెళ్తుందనీ, ఆయన దొడ్లో గోంగూర కోసుకొస్తుందనీ వీధంతటికీ తెలుసు.

“ఆఫ్రికాలో గోంగూరా? నా సెవిలో పువ్వులెట్టకు.”

“అది ఆ నేల మొక్కేనంట. కాయల్తో ఎర్రగా పానకం కాస్తారంట. ఈ మాట అబద్దమైతే నా నోరు పడిపోవాల.”

లింగరాజు ఫోను తీసి వేలితో గీకాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ గీకాడు. గంగాభవాని దూసేసిన కాడనే మళ్ళీ దూసింది. ఆఖరికి ఆయన ఫోను ఇటు తిప్పాడు. తలకు రంగుల గుడ్డ చుట్టుకున్న ఒక ఆఫ్రికా ఆడమనిషి, గంపనిండా గోంగూరతో నవ్వుతోంది.

“నిజమే,” అన్నాడు. హరి పేరు పక్కన ‘పై దేశం’ అని రాసి, కాయితాలు సంచీలోకి తోశాడు. “ఎవులొచ్చి అడిగినా ఇలాగే సెప్పు. తడబడకు.”

గంగాభవానికి ఒళ్ళంతా దూదిలా తేలికైపోయింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తే చేత్తో నోరు మూసుకుంది. కన్నకొడుకు గండం గడిచింది. ఈ పూటకి దేవుడు కళ్ళు తెరిచాడు.

గుమ్మం దాకా వెళ్ళిన లింగరాజు వీధిలో అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసి వెనక్కి వచ్చాడు. చంకలో సంచీ తీసి నేలమీద పెట్టాడు. క్యారేజీ ఎత్తి, ఒక్క మనిషి తిండికి ఇంత బరువా అన్నట్టు చూసి, మెల్లగా దించాడు.

“సెల్లెమ్మా, సాయంత్రం దలా పడవలో మా కోటిబాబుని కూడా ఆఫ్రికాకి తీసుకెల్లు.”